పక్క సీటు బ్రేకు

మా కోడలి కుడికాలి సంగతి ముందే చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా మీకు తలా తోకా లేకుండా ఉంటుంది.

మా కోడలు కారు నడపడం నేర్పుతుంది. నేర్పే కారు కాబట్టి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు పొరపాటున గోడ మీదికి పోబోతే, ఈవిడ తన బ్రేకు తొక్కి వాళ్ళనీ గోడనీ కాపాడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మరి ఆ కాలు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? టీవీలో ఎవరైనా వేగంగా వస్తే నేలను తొక్కుతుంది. నేను పాలగిన్నె పొయ్యి మీంచి దించుతుంటే తొక్కుతుంది. భోజనాల బల్ల కింద, ఆవిడ కుర్చీ ముందు పరిచిన పట్టా సరిగ్గా అరికాలంత మేర అరిగిపోయింది. కొత్తది వేస్తే అదీ అక్కడే అరిగింది. "మన ఇల్లు ఇంతవరకూ దేన్నీ గుద్దుకోలేదంటే ఈ కాలి చలవే," అంటాడు మా అబ్బాయి.

నాకూ డ్రైవింగ్ ఆవిడే నేర్పింది. ఈ వయసులో నీకెందుకమ్మా అని మా అబ్బాయి అన్నాడు, అన్నందుకే నేర్చుకున్నాను. నాకు ముక్కు మీద కోపం. స్టీరింగు ముందు కూర్చున్నాక అది రెట్టింపయింది. ఎదురుగా వచ్చిన ప్రతివాణ్ణీ తిట్టాను, ఎర్ర లైటును కూడా వదల్లేదు. కోడలు పల్లెత్తు మాట అనేది కాదు. ఆఖరి క్లాసు రోజున మాత్రం కారెక్కగానే చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుని మఠం వేసుకుని కూర్చుంది.

"ఇదేమిటమ్మాయ్, ధ్యానం చేస్తావా?" అన్నాను.

"పోనివ్వండి అత్తయ్యా."

"మరి బ్రేకో?"

"మీ కాలి కింద ఒకటుంది కదా. ఇన్నాళ్ళూ మీరు రోడ్డు చూళ్ళేదు, నా కాలు చూస్తూ నడిపారు. ఇవాళ చూడ్డానికి అది కింద లేదు."

తన దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఆఖరి రోజు ఇదే మర్యాదట. నేను దేవుళ్ళందరినీ తలుచుకుని కారు కదిలించాను. వెనక సీట్లోంచి మా మనవరాలు చప్పట్లు కొట్టింది. "నాన్నమ్మకి వచ్చేసింది! అమ్మ కాళ్ళు పైన పెట్టేసింది!" అని ఒకటే అరుపులు. బడి లేకపోతే చాలు, ఆ పిల్ల వాళ్ళమ్మ కారు వెనక సీట్లోనే ఉండేది. ముందు సీట్ల సందులోంచి మెడ చాపి అమ్మ కాలినే చూస్తూ పెరిగింది.

ఆ మనవరాలిని మేం సిసింద్రీ అంటాం. నడిచి వెళ్ళాల్సిన చోటికి పరిగెడుతుంది, పరిగెత్తాల్సిన చోటికి దూకుతుంది. ఇలాంటి పిల్లకి ఎండాకాలం సెలవులొస్తున్నాయంటే ఇంట్లో వాళ్ళ గతేమిటో మీరే ఆలోచించండి. సెలవులకు ముందు పొద్దున్నే పేపరు దులిపితే వార్తలకంటే ముందు వేసవి క్లాసుల కరపత్రాలు రాలేవి. కోడలు వాటిని బల్ల మీద పరుచుకుని, రిపేరుకొచ్చిన బండిని చూసినట్టు ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పి చూసేది.

"ఇందులో నీళ్ళున్నాయా? ఎత్తు ఎక్కాలా? చక్రాలున్నాయా?"

వీటిలో ఏ ఒక్కటున్నా ఆ కరపత్రం నా దగ్గరికి వచ్చేది, కూరగాయల తొక్కలు వేసుకోవడానికి. ఈత పోయింది. గోడలెక్కడం పోయింది. సైకిలు పోయింది. చివరికి మిగిలినవన్నీ కుర్చీలో కూర్చుని చేసేవే. అబాకస్, చేతిరాత, చదరంగం.

"ఏడాదంతా బడిలో కూర్చున్నది చాల్లేదా? సెలవుల్లో కూడా కూర్చోబెట్టి ఏం చేస్తావు, ఊరేస్తావా?" అన్నాను.

"కూర్చుంటే ఎముకలు విరగవు అత్తయ్యా."

మా అబ్బాయి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాడు. ఇది బాగుందా, అది బాగుందా అని ఎదుటివాళ్ళని అడగడమే వాడికి అలవాటు, తను తేల్చి చెప్పడం రాదు. "అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే," అనేసి కంచం కడుక్కునే నెపంతో లేచిపోయాడు.

సిసింద్రీకి కావలసింది మాత్రం ఒక్కటే, పార్కు వెనకాల ఉన్న స్కేటింగ్ రింకు. దాని చుట్టూ ఉన్న ఇనప కమ్మీలకు మొహం ఆనించి ఎంతసేపు నిలబడేదంటే, ఇంటికొచ్చేసరికి రెండు బుగ్గల మీదా చారలు పడి ఉండేవి.

"అమ్మా, స్కేటింగు."

"చక్రాలు," అంది కోడలు. బల్ల కింద పట్టా టప్పుమంది. ఆ ముచ్చట అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఎక్కడ అయిపోతుంది! చేర్చే ముందు ఒకరోజు ఊరికే కూర్చోబెట్టి చూస్తామంటే పిల్లని చేతిరాత క్లాసుకు పంపింది కోడలు. టీచరమ్మ మురిసిపోతూ కాగితం తెచ్చి చూపించింది. "మీ పాప అక్షరాలు ముత్యాలండీ," అంది. నిజంగానే ముత్యాలు. కాగితం నిండా పై నుంచి కింద దాకా ఒకటే వాక్యం, "నాకు స్కేటింగ్ కావాలి" అని. అబాకస్ క్లాసులో పూసల చట్రాన్ని నేల మీద బోర్లించి, పూసల మీద కాలు మోపి జారి చూసిందట. వాళ్ళు మర్యాదగా, ఇంకో ఏడాది ఆగి తీసుకురండి అన్నారు. చదరంగంలో గుర్రాన్ని అడ్డదిడ్డంగా కాకుండా గడగడా బల్ల చివరి దాకా దొర్లించుకుంటూ పోయింది. ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు.

"దీనికి ఈ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో!" అని కోడలు నెత్తి కొట్టుకుంటూ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

చివరికి కోడలు దిగొచ్చింది. కానీ నేర్పే మనిషి కదా, పరీక్ష లేకుండా దేన్నీ ఒప్పుకోదు. "సెలవుల చివర పిల్లలందరితో రింకులో చుట్లు తిప్పిస్తారట. ఆ రోజు నా కళ్ళ ముందు ఒక్క చుట్టు, ఎక్కడా ఆగకుండా, దేనికీ తగలకుండా తిరిగావా, స్కేట్లు నీవే. లేదా, ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చేస్తాను. వచ్చే ఏడాది నేను చెప్పిన క్లాసు. నోరెత్తకూడదు," అంది. ఆ స్కేట్లు ఆవిడ దగ్గర కారు నేర్చుకున్న ఒక నర్సమ్మ ఇచ్చినవి, వాళ్ళ అమ్మాయి కాళ్ళకి చిన్నవైపోయాయట.

"సరే!" అని ఎగిరి గంతేసింది పిల్ల. ఆ రోజు వాటిని పక్కలో పెట్టుకునే పడుకుంది.

రింకంటే పెద్దదేం కాదు. కోడిగుడ్డు ఆకారంలో నున్నటి సిమెంటు నేల, చుట్టూ కమ్మీలు, ఒక పక్క పెద్దవాళ్ళు కూర్చోవడానికి బెంచీ. బెంచీ ముందే అసలు మలుపు. నేర్పేది ఒక సన్నటి అమ్మాయి, మెడలో విజిలు. మాట్లాడాల్సిన చోట కూడా విజిలే ఊదుతుంది, అందుకని మేం విజిలమ్మాయి అనేవాళ్ళం.

కోడలు తన సాయంత్రం క్లాసులన్నీ పొద్దుటికి మార్చుకుంది. రోజూ పిల్లని తీసుకెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చునేది. నేనూ వెనకే వెళ్ళేదాన్ని, ఇంట్లో కూర్చుని నేను మాత్రం ఏం ఊరతాను!

మా పిల్ల స్కేటింగు చూసి మొదటి వారం అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పక్కకు తిరగాలంటే ముందు చేయి చాపి సిగ్నలిచ్చేది. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని భుజం మీంచి చూసుకునేది. చిన్నపిల్లలు అడ్డమొస్తే "మీరు వెళ్ళండి" అని ఆగి దారిచ్చేది. డ్రైవింగ్ స్కూలు మనిషి కూతురు మరి! పడింది, లేచింది, మోకాళ్ళు గీరుకుపోయాయి, అయినా ఒక్క కన్నీటి చుక్క లేదు. కొద్దిరోజుల్లోనే తిన్నటి దారిలో బాణంలా పోవడం వచ్చేసింది.

ఒక్క మలుపు దగ్గరే వచ్చింది చిక్కు. అంత వేగంగా వచ్చేది కాస్తా, సరిగ్గా మా బెంచీ ముందుకొచ్చేసరికి కాలు అడ్డం పెట్టి ఆగిపోయేది. ప్రతిసారీ అంతే. వెనకొచ్చే పిల్లలు వచ్చి గుద్దుకునేవాళ్ళు. విజిలమ్మాయి నచ్చజెప్పింది, చేయి పట్టుకుని తిప్పింది, ఊపిరాడనంతగా విజిలు ఊదింది. లాభం లేదు. మిగతా పిల్లలు "తడిసిన సిసింద్రీ, తుస్స్!" అని ఆట పట్టించడం మొదలుపెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకడి చెవి మెలిపెట్టబోతే కోడలు నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఒకరోజు కోడలి దగ్గర నేర్చుకునే అతనికి లైసెన్సు పరీక్ష ఆలస్యమైంది. "అత్తయ్యా, ఇవాళ మీరు తీసుకెళ్ళండి," అని ఫోను చేసింది. నేను మా అబ్బాయి కారు తీసి, దారిలో ఎదురైన వాళ్ళందరినీ పద్ధతి ప్రకారం తిట్టుకుంటూ పిల్లని రింకుకు చేర్చాను. బెంచీ మీద కూర్చుని చేతిసంచీలో కళ్ళజోడు వెతుక్కుంటున్నాను. సర్రున ఏదో నా ముందు నుంచి పోయింది. తలెత్తి చూద్దును కదా, మా పిల్ల! మలుపు దాటేసి అవతల పక్కన ఉంది. ఇంకో చుట్టు వచ్చింది. ఒళ్ళు పక్కకి వంచి, చేయి చాపి సిగ్నలిచ్చి మరీ గిర్రున తిరిగిపోయింది. విజిలమ్మాయి నోట్లోంచి విజిలు జారిపడింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నిలదీశాను. "ఏమే, ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావా?"

"కాదు నాన్నమ్మా. అమ్మ ఉంటే రాదు."

"అమ్మంటే భయమా?"

"భయమెందుకు! మలుపొచ్చినప్పుడు అమ్మ కాలు నొక్కుతుంది. అది చూడగానే నా కాలు దానంతటదే ఆగిపోతుంది. చూడకూడదనే అనుకుంటా, కానీ కళ్ళు అటే పోతాయి."

బెంచీ మీద నేను రోజూ పక్కనే కూర్చుంటున్నాను, ఆ కాలు నొక్కడం నాకు కనిపిస్తూనే ఉంది. ఇంట్లో గోడగడియారం చప్పుడులా అలవాటైపోయి పట్టించుకోలేదు.

"అయితే మీ అమ్మని రావద్దని చెప్పేస్తాను. ఆఖరి రోజు కూడా నేనే తీసుకొస్తాను," అన్నాను.

"వద్దు!" పిల్ల ముందు సీట్ల సందులోంచి మెడ చాపింది. "అమ్మ చూడకుండా తిరిగితే నాకెందుకు? అమ్మే చూడాలి. అమ్మకి చెప్పకు నాన్నమ్మా, బాధపడుతుంది. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. నా నోటికి తాళం పడిందంటే అదే మొదటిసారి. ఆ రోజు నుంచీ లోపల ఒకటే గింజులాట. చెబితే కోడలు మనసు చివుక్కుమంటుంది. తన పనులన్నీ తలకిందులు చేసుకుని బిడ్డ కోసం వచ్చి కూర్చునే తల్లికి, నువ్వు రాకపోతేనే అది బాగా తిరుగుతోంది అని ఏ మొహంతో చెప్పను? చెప్పకపోతే పిల్ల స్కేట్లు పోతాయి. స్కేట్లు పోతే పోనీ అనుకోవచ్చు, ఆ బుగ్గల మీద మళ్ళీ కమ్మీల చారలు చూడటం నా వల్ల కాదు.

ఆఖరి రోజు ముందు సాయంత్రం కోడలు వరండాలో కూర్చుని ఆ స్కేట్ల చక్రాలు తుడుస్తూ నూనె వేస్తోంది. "వీటిలోనే ఏదో లోపముంది అత్తయ్యా. అంత బాగా వచ్చి అక్కడే ఎందుకు ఆగిపోతుంది? పాపం, ఎంత ఆశ పడుతోందో! నేనే షరతు పెట్టాను, ఇప్పుడు నాకే నిద్ర పట్టడం లేదు," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. నాలుక చివరి దాకా వచ్చింది, ఒట్టు గుర్తొచ్చింది. గుమ్మం పక్కన ఆవిడ చెప్పులు కనిపించాయి. ఎడమది కొత్తదానిలా ఉంది. కుడిదాని అడుగు అరిగి కాగితమంత అయింది.

"నీ కుడి చెప్పు చూడమ్మాయ్, ఎలా అరిగిందో," అన్నాను.

"కొత్తవి కొనుక్కుంటాలెండి," అని మళ్ళీ చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. ఇంత తెలివిగలదానికి ఇంతకంటే ఎలా చెప్పను అని గొణుక్కుంటూ లోపలికి వచ్చేశాను.

ఆఖరి రోజు రింకు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. మా అబ్బాయి కూడా షాపుకు సెలవు పెట్టి వచ్చి, అవతలి కమ్మీల దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో పిల్లకీ మూడు చుట్లు. మా పిల్ల వంతు వచ్చింది. విజిలు మోగింది, బయలుదేరింది.

తిన్నటి దారిలో బాణమే. మలుపు దగ్గరికొచ్చింది. నా పక్కన కోడలి కాలు టప్పున నేల నొక్కింది. పిల్ల ఆగిపోయింది. ఎవరో "తుస్స్" అన్నారు. కోడలు బిక్కమొహం వేసింది.

రెండో చుట్టు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ టప్పు. మళ్ళీ ఆగింది. ఈసారి ఆగి, మెల్లగా కదులుతూ కళ్ళ నిండా నీళ్ళతో మా బెంచీ వైపు చూసింది. మా మొహాల వంక కాదు, కిందికి. కోడలు ఆ చూపు ఎటు పోయిందో చూసింది. తనూ కిందికి చూసుకుంది. కాలు ఇంకా నొక్కే ఉంది.

"అత్తయ్యా, నిన్న మీరన్నది చెప్పు సంగతేనా?"

"నీకెలా తోస్తే అలా అనుకో తల్లీ," అన్నాను. ఒట్టు ఒట్టే కదా.

పిల్ల అవతలి మలుపు దాటి మూడో చుట్టుకు వస్తోంది. తల వాల్చుకుని, నెమ్మదిగా వస్తోంది. కోడలు వంగి చెప్పులు విప్పింది. విప్పి, అంత జనంలో, ఎవరేమనుకుంటారో అని కూడా చూడకుండా రెండు కాళ్ళూ బెంచీ మీదికి తీసుకుని మఠం వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకుంది.

"చూడవే, చూడవే," అని నాలో నేను గొణుక్కున్నాను. చూసింది. దూరం నుంచే చూసింది. మొహం చాటంత అయింది. ఆ కాళ్ళు పైకెక్కితే దాని అర్థమేమిటో వెనక సీట్లో పెరిగిన పిల్లకి వేరే చెప్పాలా! నడుం వంచింది, కాలు తన్నింది. నిజంగా నిప్పంటించిన సిసింద్రీలా వచ్చింది. చేయి చాపింది, ఒళ్ళు వంచింది, గిర్రున మా ముందు నుంచి తిరిగిపోయింది. గాలికి నా కళ్ళజోడు కదిలింది.

"వచ్చేసింది! దానికి వచ్చేసింది అత్తయ్యా!" కోడలు నవ్వుతోంది, ఏడుస్తోంది, కాళ్ళు మాత్రం కిందికి దించలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి, ఎందుకు దాచాలి? అవతల మా అబ్బాయి గంతులేస్తున్నాడు, వాడు తీసిన వీడియోలో ఆకాశం తప్ప ఏమీ లేదని తర్వాత తెలిసింది.

మూడు చుట్లూ అయిపోయాయి. విజిలమ్మాయి విజిలు ఊదింది. ఎవరు వింటారు! మా పిల్ల నాలుగో చుట్టుకు మళ్ళింది, ఇంకా వేగంగా. అంత వేగమా! మలుపు దగ్గర పడుతుందేమోనని నా గుండె గుభేలుమంది. అప్పుడు కోడలు నా మోకాలి మీద చేయి వేసింది.

"అత్తయ్యా, మీ కాలు."

చూసుకున్నాను. నా కుడికాలు సిమెంటును పగలగొట్టేలా నొక్కుతోంది. "ఓరి దీని దుంపతెగ!" అనుకుని రెండు కాళ్ళూ పైకెత్తాను. నా మోకాళ్ళు మఠం వేసుకునేవి కావు కాబట్టి, బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ముందుకు చాపి గాల్లోనే పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చున్న మా ఇద్దరినీ చూసి పకపకా నవ్వుతూ, చేయి చాపి సిగ్నలిచ్చి, మా సిసింద్రీ మళ్ళీ మలుపు తిరిగింది.